పరిశోధన వదిలి పాఠాలు చెప్పడానికి వెళితే తగ్గిపోయినట్టా?

ఈసారి ఉత్తరం హైదరాబాదు నుంచి వచ్చింది. రాసినావిడ తన పేరు గానీ, పనిచేసే సంస్థ పేరు గానీ బయటకు రాకూడదని కోరారు. అందుకని ఆనవాలు పట్టించే వివరాలన్నీ తీసేసి, తొమ్మిది పేజీల ఉత్తరంలోని సారాంశాన్ని మాత్రం ముందుగా చెబుతాను.

ఆవిడకు 36 ఏళ్లు. ఖమ్మం వైపు ఒక పల్లెలో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఆ తర్వాత బయోటెక్నాలజీలో ఎమ్మెస్సీ చేసి, జన్యుక్రమాల (డీఎన్‌ఏలోని అక్షరాల వరుసల) విశ్లేషణ మీద ఆరేళ్లు శ్రమించి పీహెచ్‌డీ పూర్తి చేశారు. మూడేళ్లు అమెరికాలో పోస్ట్‌డాక్‌గా, అంటే పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధకురాలిగా, పనిచేసి 2021లో తిరిగి వచ్చారు. ప్రస్తుతం ఒక పరిశోధన సంస్థలో, ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు మీద ప్రాజెక్టు సైంటిస్టుగా ఉన్నారు. ఆ ప్రాజెక్టు వచ్చే మార్చితో ముగుస్తుంది. శాశ్వత ఉద్యోగం కోసం మూడుచోట్ల ఇంటర్వ్యూలకు వెళ్లారు, మూడుచోట్లా రాలేదు. మొదటి పేరుతో రావలసిన ఒక ముఖ్యమైన పేపరు రెండేళ్లుగా రాతప్రతి దశలోనే ఉంది. ఆవిడ వెళ్లిపోయేటట్టయితే దాన్ని పూర్తి చేసే పని ల్యాబ్‌లోని మరో విద్యార్థికి అప్పగిస్తానని ల్యాబ్ అధిపతి అయిన వాళ్ల సారు ఇప్పటికే అన్నారట. భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆరేళ్ల పాప ఉంది, ఫ్లాటు మీద అప్పు ఉంది.

కిందటేడు సంస్థ తరఫున భద్రాచలం ఏజెన్సీలోని ఒక ఆశ్రమ పాఠశాలకు వెళ్లి, ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే, వంశపారంపర్యంగా వచ్చే సికిల్ సెల్ జబ్బు గురించి గంటసేపు మాట్లాడే పని ఆవిడకు పడింది. మాట్లాడటం అయ్యాక తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె దగ్గరికి వచ్చి, పరీక్ష చేసి ఇచ్చిన కార్డు చూపించి, "మేడం, నాకు క్యారియర్ అని రాశారు. ఇది మా అమ్మ నుంచి వచ్చిందా, మా నాయన నుంచి వచ్చిందా? ఇంట్లో మా అమ్మనే తిడుతున్నారు" అని అడిగిందట. క్యారియర్ అంటే జబ్బు తెచ్చే జన్యుమార్పు ఒక్క కాపీ మాత్రమే ఉండి, తనకు ఆ జబ్బు లేని మనిషి. ఎవరి నుంచైనా వచ్చి ఉండవచ్చు అని చెప్పి, జీపు ఎక్కి వచ్చేశానని, ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాశారు. అప్పటి నుంచి సెలవురోజుల్లో కూర్చుని బడిపిల్లలకు జన్యుశాస్త్రం ఎలా చెప్పాలో పాఠాలు తయారుచేస్తున్నారు. చింతగింజలను అరగదీసి, ఒకవైపు తెలుపు, ఒకవైపు నలుపుగా ఉండే ఆ బద్దలతో వారసత్వాన్ని ఎలా చూపించవచ్చో తన కూతురి మీద ప్రయోగించి చూశారు.

ఇప్పుడు ఆవిడ ముందు నాలుగు దారులున్నాయి. నగర శివార్లలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం అసిస్టెంటు ప్రొఫెసరు ఉద్యోగం ఇస్తానంది. గురుకులాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో సైన్సు బోధన మీద పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ, ఇప్పటి జీతంలో సగానికి కాస్త ఎక్కువ ఇచ్చి, రెండేళ్ల పనికి రమ్మంటోంది. జన్యుసమాచారాన్ని కంప్యూటర్లతో విశ్లేషించే, భర్త స్నేహితుడి బయోఇన్ఫర్మాటిక్స్ కంపెనీలో రెట్టింపు జీతానికి చేరవచ్చు. ఇవేవీ కాకపోతే మరోసారి ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టి పరిశోధనలోనే నిలబడటానికి ప్రయత్నించవచ్చు. "ఇంత చదివింది బడిపంతులమ్మవు కావడానికా" అని తల్లి బాధపడుతున్నారు. "టీచింగ్‌కు వెళ్లేవాళ్లందరూ రీసెర్చిలో నిలబడలేనివాళ్లే" అని సారు ఒకసారి నలుగురిలో అన్నారట. ఆవిడ అసలు ప్రశ్న ఉత్తరం చివరి పేజీలో ఉంది: "నాకు నిజంగా పాఠం చెప్పడం ఇష్టమా, లేక ఓడిపోయి పారిపోతూ దానికి ఇష్టమని పేరు పెట్టుకుంటున్నానా?"

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పుడు, ఏ విషయానికి ఎంత చోటిచ్చారో గమనించాను. సారు అన్న మాటకూ అమ్మగారి బాధకూ కలిపి నాలుగు పేజీలు, ఆ అమ్మాయికీ చింతగింజలకూ రెండు పేజీలు, ఆగిపోయిన పేపరుకు నాలుగు వాక్యాలు. నా దృష్టిలో తొందరపడవలసిన క్రమం దీనికి దాదాపు తలకిందులుగా ఉంది. పేపరుకు గడువు ఉంది, ఆ అమ్మాయికి కూడా ఒక గడువు ఉంది. సారు మాటకు ఏ గడువూ లేదు. అయినా అది మిమ్మల్ని ఎక్కువ గుచ్చింది కాబట్టి ముందు దాని సంగతి చూసి పక్కన పెడదాం.

ఆ మాట వాస్తవం కాదు. మీ రంగం నుంచే రెండు ఉదాహరణలు చెబుతాను. మ్యాక్సిన్ సింగర్ అనే అమెరికన్ జీవరసాయన శాస్త్రవేత్త, మానవ డీఎన్‌ఏలో పదేపదే కనిపించే లైన్-1 అనే భాగాల మీద పనిచేసిన మనిషి, జన్యువులను అతికించే ప్రయోగాలకు భద్రతా నియమాలు ఆలోచించడానికి 1975లో జరిగిన అసిలోమార్ సమావేశాన్ని నడిపినవారిలో ఒకరు. ఆవిడ 1988లో కార్నెగీ ఇన్‌స్టిట్యూషన్ అధ్యక్షురాలై, ఆ మరుసటి ఏడాదే వాషింగ్టన్‌లో ప్రాథమిక పాఠశాల పిల్లల కోసం 'ఫస్ట్ లైట్' అనే శనివారపు సైన్సు బడి పెట్టించారు. మన దేశంలో అనిల్ సద్గోపాల్ కాల్‌టెక్‌లో పీహెచ్‌డీ చేసి, టాటా పరిశోధన సంస్థలో అణుజీవశాస్త్రవేత్తగా ఉంటూ, 1971లో ఆ ఉద్యోగం వదిలి మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాకు పల్లెబడుల్లో పనిచేయడానికి వెళ్లారు. వీళ్లిద్దరిలో ఎవరూ నిలబడలేక వెళ్లినవారు కారు. ఇక మీ రంగానికి మూలపురుషుడైన మెండెల్ వృత్తిరీత్యా బడిపంతులే. ఉపాధ్యాయ అర్హత పరీక్ష రెండుసార్లు తప్పి, శాశ్వత అర్హత లేకుండానే బర్నో పట్టణంలోని బడిలో భౌతికశాస్త్రం, ప్రకృతిశాస్త్రం చెబుతూ, మఠం తోటలో బఠానీలు నాటుకున్నాడు. అమ్మగారికి ఈ సంగతి చెప్పి చూడండి. ఆవిడ బాధ పోతుందని నేననుకోను. ఎందుకంటే ఆవిడ బాధలో గౌరవం పాలు కొంతే, మీకు స్థిరమైన ఉద్యోగం లేదన్న భయమే ఎక్కువ, ఆ భయంలో న్యాయం ఉంది. ఆవిడతో గౌరవం గురించి వాదించడం మాని, రాబోయే రెండేళ్ల జమాఖర్చు కాగితం మీద రాసి చూపిస్తే మీ ఇద్దరి మధ్య మాట కుదురుతుంది.

ఇక పారిపోతున్నానా అన్న ప్రశ్న. బయటినుంచి దీనికి ఎవరూ జవాబు చెప్పలేరు, నేనూ చెప్పను. అయితే మూడు ఇంటర్వ్యూలను మూడు ఓటములుగా లెక్కవేసేముందు, మీరు రంగంలోకి వచ్చిన నాటికీ నేటికీ రంగం ఎంత మారిందో చూడండి. మానవ జన్యుక్రమం మొదటిసారి చదవడానికి 1990 నుంచి 2003 దాకా పట్టింది, కొన్ని దేశాలు కలిసి చేయవలసి వచ్చింది. ఇప్పుడు జీనోమ్ ఇండియా వంటి ఒక్క కార్యక్రమంలో ఇరవై సంస్థలు కలిసి, 83 జనసమూహాల నుంచి సుమారు పదివేల మంది జన్యుక్రమాలు చదివి, ఆ సమాచారాన్ని 2025 జనవరిలో ఫరీదాబాద్‌లోని జాతీయ కేంద్రం ద్వారా పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చాయి. ఇంత పెద్ద పనుల్లో చేతులు చాలా కావాలి, శాశ్వత కుర్చీలు మాత్రం కొన్నే ఉంటాయి. ఒక పేపరు మీద వంద మంది రచయితల మధ్య నలభయ్యో పేరుగా ఉన్నవారి సొంత సత్తా ఎంతో ఇంటర్వ్యూ బోర్డుకు కనిపించదు. ఇది మీ ఒక్కరి గొడవ కాదు, మీ తరం మొత్తానిది. మీకు మీరు వేసుకోదగిన ప్రశ్న మరొకటి ఉంది: ఇంటర్వ్యూలో రాలేదని తెలిసిన వారంలో మీరేం చేశారు, ఆ అమ్మాయికి జవాబు చెప్పలేక వచ్చిన వారంలో ఏం చేశారు? మొదటిదాని గురించి "వారంపాటు ల్యాబ్ మొహం చూడలేదు" అని రాశారు. రెండోదాని తర్వాత చింతగింజలు అరగదీశారు. దీన్నిబట్టి తీర్పు చెప్పడం లేదు, మీ ఉత్తరంలోనే ఉన్నదాన్ని మీకు చూపిస్తున్నానంతే.

ఇప్పుడు పేపరు. మీరు ఏ దారి ఎంచుకున్నా, ఆ పేపరు మీ పేరుతో బయటకు రాకుండా ల్యాబ్ వదలవద్దని నా గట్టి అభిప్రాయం, ఈ ఉత్తరం మొత్తంలో నేను ఇంత గట్టిగా చెప్పేది ఇదొక్కటే. ఫెలోషిప్‌కు వెళితే అది లేకుండా దరఖాస్తు నిలవదు. విశ్వవిద్యాలయానికి వెళితే అక్కడ చేరిన మొదటి రెండేళ్లలో దాన్ని ముట్టుకునే తీరిక దొరకదు. స్వచ్ఛంద సంస్థకు వెళితే, రేపు వెనక్కి రావాలనిపించిన రోజున మీ చేతిలో ఉండే టిక్కెట్టు అదే. వచ్చే మార్చి దాకా ఉన్న నెలలను దానికే కేటాయించండి. సారుతో ఒకసారి ముఖాముఖి మాట్లాడి, ఏ బొమ్మలు మిగిలాయి, ఏ విశ్లేషణ మళ్లీ నడపాలి, రచయితల వరుస ఏమిటి, రాతప్రతి ఆయన చేతికి ఏ తేదీకి ఇస్తారు అన్న నాలుగు సంగతులు తేల్చుకుని, ఆ సాయంత్రమే "ఈరోజు మనం అనుకున్నవి ఇవి" అని మర్యాదగా ఒక ఈమెయిలు పెట్టండి. నోటి మాటకు లేని బలం దానికి ఉంటుంది. మరో విద్యార్థి సాయం చేస్తానంటే కాదనకండి, చేసిన పనికి తగిన చోటు ఆ పిల్లవాడికీ ఇవ్వండి. పత్రికకు పంపే రోజునే ప్రీప్రింటుగా (సమీక్షకు ముందే అందరూ చదివేలా ఇంటర్నెట్టులో ఉంచే ప్రతిగా) కూడా పెట్టడానికి సారు ఒప్పుకుంటే, సమీక్ష ఎన్ని నెలలు సాగినా మీ పని తేదీతో సహా నమోదై ఉంటుంది.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. మీ పేపరుకు ఆధారమైన జన్యుసమాచారం మీరు ఐదేళ్లు కష్టపడి విశ్లేషించినదే అయినా మీది కాదు. రక్తనమూనాలు ఇచ్చినవారు ఒక నిర్దిష్టమైన పనికోసం సమ్మతిపత్రం మీద సంతకమో వేలిముద్రో వేసి ఇచ్చారు. ల్యాబ్ వదిలేటప్పుడు దాన్ని హార్డ్‌డిస్కులో పెట్టుకుని వెళ్లడం, పాఠాల్లో వాడుకోవడం రెండూ తప్పే. పాఠాలకోసం బహిరంగంగా ఉన్న సమాచారం బోలెడంత ఉంది. 2015లో ముగిసిన వెయ్యి జన్యుక్రమాల పథకంలో 26 జనసమూహాలకు చెందిన 2,504 మంది సమాచారం ఉంటే, అందులో బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువారు 102 మంది ఉన్నారు. ఇంటర్మీడియట్ పిల్లలకు ఒక కంప్యూటరు ముందు తెలుగువారి జన్యుక్రమాన్ని తెరిచి చూపించవచ్చన్న సంగతి మన బోధకుల్లో ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే.

దారుల విషయానికి వస్తే, ప్రైవేటు విశ్వవిద్యాలయం గురించి నాకు కాస్త ఎక్కువ తెలుసు. ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ముప్పై ఏళ్లు జన్యుశాస్త్రం చెప్పి రిటైరయ్యాక రెండేళ్లు అలాంటిచోట పనిచేశాను. మీకు వారానికి పదహారు గంటల పాఠాలు అని చెప్పారు. దానికి ప్రాక్టికల్సు, ఇన్విజిలేషను, విద్యాసంస్థలకు గ్రేడు ఇచ్చే నాక్ సంస్థకోసం తయారుచేసే ఫైళ్లు, అడ్మిషన్ల సీజనులో ఊళ్లు తిరగడం కలపండి. మీరు పాఠం చెప్పాలని వెళ్లి, పాఠం తప్ప అన్నీ చేస్తున్నానని బాధపడే అవకాశం ఉంది. మరోవైపు, నెలనెలా జీతం వస్తుంది, హోదా ఉంటుంది, అమ్మగారు స్థిమితపడతారు, చురుకైన పదిమంది విద్యార్థులు ఎక్కడైనా దొరుకుతారు. వెళ్లదలచుకుంటే చేరేముందు మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: వారానికి ఎన్ని గంటలు, అడ్మిషన్ల పని తప్పనిసరా, పరిశోధనకు మొదటి ఏడాది ఏమిస్తారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర ఉంచాలి అంటే మాత్రం ఒప్పుకోకండి. చూపించి, నకళ్లు ఇచ్చి, వెంట తెచ్చేసుకోండి. అలాగే రేపు ప్రభుత్వ డిగ్రీ కళాశాలల నోటిఫికేషన్లు పడితే రాద్దామన్న ఆలోచన ఉంటే, పీహెచ్‌డీ ఉంది కదా అని ధీమాగా ఉండవద్దు. జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం పోస్టులకు సంబంధిత సబ్జెక్టులో పీజీ ఉండాలని అడుగుతారు, బయోటెక్నాలజీ వాళ్లు అక్కడే ఆగిపోతుంటారు.

కంపెనీ ఉద్యోగం గురించి మీరు ఒకే వాక్యం రాశారు, అందులోనూ "అప్పు తీరుతుంది" అన్న మాట తప్ప ఇంకేమీ లేదు. అప్పు తీరడం చిన్న విషయం కాదు. రెండేళ్లు అక్కడ చేసి, ఇంటిబరువు దించుకుని, ఆ తర్వాత సగం జీతానికి ధైర్యంగా బడి పనికి వెళ్లినవారిని చూశాను. వెళ్లలేకపోయినవారినీ చూశాను, వారి సంఖ్యే ఎక్కువ.

ఫెలోషిప్ సంగతి. వీటిలో కొన్నింటికి వయసు లెక్క, కొన్నింటికి పీహెచ్‌డీ వచ్చి ఎన్నేళ్లయిందన్న లెక్క. మహిళలకు వయసులో సడలింపులు, ప్రసవం వల్ల, పిల్లల పెంపకం వల్ల వచ్చిన విరామాన్ని మినహాయించే నిబంధనలు ఉన్నాయి. కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగం వారి వైజ్-కిరణ్ పథకాలు, బయోటెక్నాలజీ విభాగం వారి బయోకేర్, మీ నగరంలోనే కార్యాలయం ఉన్న ఇండియా అలయన్స్ ఫెలోషిప్పులు చూడండి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి స్నేహితుల మాట మీద ఆధారపడక తాజా ప్రకటన చదవండి. ఇది చివరి ప్రయత్నం అవుతుందేమోనని జంకుతున్నారు, నిజంగానే కావచ్చు కూడా. పరిశోధన నుంచి బోధనకు వెళ్లే తలుపు యాభై ఏళ్ల వయసులో కూడా తెరిచే ఉంటుంది. బోధన నుంచి పరిశోధనకు వచ్చే తలుపు మీ రంగంలో మూడు నాలుగేళ్లలో బిగుసుకుపోతుంది, ఎందుకంటే యంత్రాలూ, విశ్లేషణ పద్ధతులూ అంతలోనే మారిపోతాయి. ఈ తేడా ఒక్కటే చూస్తే ముందు ఫెలోషిప్‌కు పెట్టడం తెలివైన పని అనిపిస్తుంది. కానీ తలుపు మూసుకుపోతోందన్న కారణంతో గదిలో ఉండిపోయినవారు ఆ గదిలో ఏం చేయాలో తెలియక గడపడం కూడా నేను చూశాను.

ఇక స్వచ్ఛంద సంస్థ. నేను పైన చెప్పిన హోషంగాబాద్ కథలో మిగతా సగం ఇక్కడ చెప్పాలి. 1972లో పదహారు మాధ్యమిక పాఠశాలల్లో మొదలైన ఆ కార్యక్రమంలో పిల్లలు పాఠ్యపుస్తకం వల్లెవేయడం మాని, చేతులతో ప్రయోగాలు చేసి, ఫలితాలు వాళ్లే రాసుకునేవారు. పెద్ద పెద్ద సంస్థల శాస్త్రవేత్తలు సెలవులు పెట్టుకుని వచ్చి పల్లె ఉపాధ్యాయులతో కూర్చునేవారు. జిల్లా అంతటికీ, తర్వాత ఇతర జిల్లాలకూ పాకిన ఆ పనిని ముప్పై ఏళ్లు నడిచాక 2002లో రాష్ట్ర ప్రభుత్వం నిలిపేసింది. దీన్ని మిమ్మల్ని నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. బడి విద్యలో పనిచేసేవారు ప్రభుత్వ నిర్ణయాలకు లోబడి పనిచేయాలి, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) అధికారి బదిలీ అయితే మొదటినుంచి మొదలుపెట్టవలసి రావచ్చు. పరిశోధనలో ఒక పేపరు వచ్చిందంటే అది ఉండిపోతుంది. ఇక్కడ మీ పని ఉపాధ్యాయుల అలవాట్లలో మిగిలితే మిగిలినట్టు, లేకపోతే లేదు. రెండేళ్ల తర్వాత ఆ సంస్థకు విరాళం వస్తుందో లేదో కూడా అడిగి తెలుసుకోండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

అయినా ఆ పని మీబోటివారే ఎందుకు చేయాలో ఒకటి చెబుతాను. మన రాష్ట్రాల్లో జన్యుశాస్త్రం బోధన బఠానీల దగ్గర మొదలై బఠానీల దగ్గరే ముగుస్తుంది. కానీ బయట జరుగుతున్నదేమిటి? హైదరాబాదు శాస్త్రవేత్తల పాత్రతో వచ్చిన 2009 నాటి పరిశోధన, గుండె కండరాన్ని బలహీనపరిచే ఒక జన్యులోపం దక్షిణాసియా జనాభాలో దాదాపు నాలుగు శాతం మందిలో ఉందని తేల్చింది. 2017లో వచ్చిన మరో అధ్యయనం 263 జనసమూహాలను పరిశీలించి, వాటిలో 81 సమూహాలు తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల, ఈ విషయంలో ప్రపంచమంతా ఉదాహరణగా చెప్పుకునే ఫిన్లాండ్ ప్రజలకన్నా కూడా, కొద్దిమంది పూర్వీకుల జన్యుముద్రను గట్టిగా కలిగి ఉన్నాయని చూపించింది. వైశ్యుల్లో కొందరికి శస్త్రచికిత్సలో ఇచ్చే ఒక కండరాల సడలింపు మందు ప్రమాదకరమవుతుందన్నది మత్తు డాక్టర్లకు ఎప్పటినుంచో తెలిసిన విషయం. ఇలాంటివి తెలిస్తే ప్రాణాలు నిలుస్తాయి. సగం తెలిస్తే మాత్రం "మా కులంలో ఆ జన్యువు లేదు, మీ కులంలో ఉంది" అన్న మాటగా మారడానికి పూట పట్టదు. ఇందులో ఎంతవరకు రుజువైంది, ఎక్కడినుంచి ఊహ మొదలవుతుంది అన్న గీత ఎక్కడ గీయాలో పుస్తకం చదివి పాఠం చెప్పేవారికి తెలియడం కష్టం. ఆ లెక్కలు స్వయంగా వేసినవారికి తెలుస్తుంది.

రెండు పడవల మీద కాళ్లు పెట్టి రెంటికీ చెడ్డ రేవడినవుతానేమో అని భయపడ్డారు. ఆ భయం కొంత అతిగా ఉంది. ఫెలోషిప్ దరఖాస్తులోనే ప్రజలకు విజ్ఞానం చేర్చే పనిని ఒక భాగంగా చూపించడానికి ఇప్పుడు చాలాచోట్ల వీలుంది. అలాగే స్వచ్ఛంద సంస్థను, పూర్తికాలానికి కాకుండా మార్చి దాకా నెలకు రెండు శనివారాలు వస్తాను, ఒక పాఠం తయారుచేసి ఇస్తాను, చూద్దాం అని అడగవచ్చు. వాళ్లు ఒప్పుకుంటే, పారిపోతున్నానా అన్న మీ ప్రశ్నకు ఆరు నెలల్లో మీకే జవాబు తెలుస్తుంది. ఎందుకంటే ఒక పాఠం తయారుచేయడంలో ఉండే ఆనందం వేరు, అదే పాఠాన్ని పదకొండో బడిలో, ఫ్యాను తిరగని గదిలో, ఆ వారం ఇన్‌స్పెక్షను ఉందని తొందరపడుతున్న ఉపాధ్యాయుడితో కలిసి చెప్పడం వేరు. రెండోది కూడా ఇష్టమైతే వెళ్లండి. ఒప్పుకోకపోతే, వాళ్లకు పూర్తికాలం మనిషే కావాలంటే, అప్పుడు మీరు మార్చిలో నిజంగానే ఎంచుకోవలసి వస్తుంది. ఆ ఎంపికలో నా మొగ్గు ఎటువైపో ఈపాటికి మీకు అర్థమై ఉంటుంది, కానీ మీ ఇంటి అప్పు నేను కట్టను కదా.

మీ చింతగింజల పాఠం గురించి ఒక చిన్న మాట. రెండు బద్దలు, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. రెండూ తెల్లగా పడితే జబ్బు, ఒకటి తెలుపు ఒకటి నలుపు పడితే క్యారియరు, రెండూ నల్లగా పడితే ఏమీ లేదు. బాగుంది. కానీ తల్లిదండ్రులిద్దరూ క్యారియర్లయితే నలుగురు పిల్లల్లో ఒకరికి జబ్బు వస్తుంది అని చెప్పి వదిలేస్తే, మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి మిగతా ముగ్గురికీ రాదని జనం అనుకుంటారు, ఆ అపోహతో పిల్లలను కన్నవారు ఉన్నారు. ప్రతి కాన్పూ కొత్తగా వేసే గింజే అని చేత్తో వేయించి చూపించండి. పైగా అరగదీసిన గింజ సరిగ్గా సమానంగా పడదు. పిల్లలు వందసార్లు వేసి లెక్క రాస్తే ఆ సంగతి వాళ్లే కనిపెడతారు. కనిపెట్టనివ్వండి.

ఆఖరికి, మీరు ఎవరి నుంచైనా వచ్చి ఉండవచ్చు అని చెప్పి వచ్చేసిన ఆ అమ్మాయి. మీ జవాబు తప్పేమీ కాదు. క్యారియరుకు ఆ మార్పు తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరి నుంచైనా వచ్చి ఉండవచ్చు, ఇద్దరికీ పరీక్ష చేస్తే తప్ప తెలియదు. కానీ ఆ పరీక్ష చేయించమని సలహా ఇచ్చేముందు ఆలోచించాలి. తల్లిని తిట్టే ఇంట్లో, పరీక్షలో తల్లి పేరే వస్తే తిట్లకు రుజువు దొరికినట్టవుతుంది, తండ్రి పేరు వస్తే తిట్లు ఆగుతాయన్న నమ్మకమూ లేదు. ఆమె అడిగింది జన్యుశాస్త్రపు ప్రశ్నలాగా కనిపించినా, అది వాళ్ల అమ్మను కాపాడుకోవడానికి అడిగిన ప్రశ్న. దానికి మీ శాస్త్రంలో ఒక నిజమైన జవాబు ఉంది. ఈ మార్పు ఒక్క కాపీ ఉన్నవారికి ప్రాణాంతకమైన మలేరియా నుంచి రక్షణ ఉంటుందని 1954లోనే ఆంథొనీ అలిసన్ చూపించాడు. మలేరియా రాజ్యమేలిన అడవి ప్రాంతాల్లో ఈ మార్పు తరతరాలుగా మిగిలిందంటే, దాని వల్ల చిన్నపిల్లలు బతికారు కాబట్టే. అది ఎవరు చేసిన తప్పూ కాదు, వాళ్ల ముత్తవ్వలను బతికించినదే. ఆ అమ్మాయికి తెలియవలసినది ఇంకొకటి ఉంది: క్యారియరుకు పెళ్లి అడ్డు కాదు, చేసుకోబోయేవాడికి కూడా ఈ మార్పు గానీ, తలసేమియా వంటి దీనికి దగ్గరి రక్తలోపం గానీ ఉందేమో ముందు పరీక్ష చేయించి చూసుకుంటే చాలు, అవేవీ లేకపోతే పిల్లలకు ఆ జబ్బు రాదు.

ఈ మాటలు పిల్లకు ఒక్కదానికే చెబితే ఇంటికి చేరవు. వార్డెనుతో మాట్లాడి, తల్లిదండ్రులు పిల్లలను చూడటానికి వచ్చే రోజున, ఊరి ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్ఎమ్మును కూడా రమ్మని, ఆ పిల్ల పేరు ఎత్తకుండా అందరికీ కలిపి చెప్పండి. కోయ భాష తెలిసిన ఉపాధ్యాయుడు పక్కన ఉంటే ఇంకా మంచిది. కిందటేడు తొమ్మిదో తరగతి అన్నారు. అంటే ఇప్పుడు పదిలో ఉంది, పరీక్షలు కాగానే ఆ బడి వదిలి వెళ్లిపోతుంది. మీ కాంట్రాక్టు ముగిసేదీ దాదాపు అప్పుడే. సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచిన మొదటి ఆదివారం కుదురుతుందేమో వార్డెనుకు ఈరోజే ఫోను చేసి కనుక్కోండి.